దసరానాడు చీరల కొట్టులో

నంద్యాలలో నేను పనిచేసిన చీరల కొట్టులో అందరికన్నా పాత మనిషిని అక్క అని పిలిచేవాళ్లం. నాలాగే రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చేది. చీర అంచును గడ్డం కింద నొక్కిపట్టి, కబుర్లు చెబుతూనే చకచకా మడతపెట్టేసేది.

ఒక ఏడాది దసరానాడు కూడా సాయంత్రం దాకా కొట్టు తెరిచే ఉంచాలన్నాడు యజమాని.

"జనం వస్తాండారు గదమ్మా, ఎట్ల మూసేది?" అన్నాడు.

"మనం తెరుస్తాండాం కాబట్టి వస్తాండారన్నా," అంది అక్క.



మధ్యాహ్నం రెండయింది. రుద్రవరం నుంచి వచ్చిన ఒకామె నలభై చీరలు తీయించి, ఏదీ తేల్చుకోలేక, "పాపం, పండగ పూట గూడా మీకు సెలవియ్యరా?" అని అడిగింది.

"నువ్వు ఇంటికి పోతే ఇస్తారమ్మా," అంది అక్క, చీర మడతపెడుతూనే.

యజమాని పక్కనే ఉన్నాడు. అక్క ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. రుద్రవరం ఆమె మాత్రం పకపకా నవ్వి, చేతికందిన చీర తీసుకుని లేచింది.

"ఈమెకు బిల్లేసి షట్టర్ దించండప్పా," అన్నాడు యజమాని, నవ్వాపుకుంటూ.

బస్సులో, "పండక్కి ఏం చీర తీసుకున్యావక్కా?" అని అడిగాను.

"చీర మాటెత్తితే కొడతా," అంది. శిరివెళ్ల రాకముందే నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఆళ్లగడ్డలో ఆమెను లేపడానికి నాకు మనసు రాలేదు. కండక్టరే లేపాడు.