అమ్మనెందుకు, నన్నడుగు

కర్నూలు బజారులో మాకు స్టీలు సామాన్ల అంగడి ఉండేది. నాన్న, అన్న ముందు కూర్చుని బేరాలు చూసేవారు. నేను లోపలి గదిలో మిషను పట్టుకుని బిందెల మీద, పళ్లేల మీద కొన్నవాళ్ల పేర్లు చెక్కేదాన్ని. వచ్చినవాళ్లతో మాట్లాడే పని నాకు ఉండేది కాదు. నాకున్నది ఆటిజం అని హైదరాబాదు డాక్టరు చెప్పేసరికి నాకు ఇరవై దాటాయి. అంతవరకు చుట్టాలందరికీ నేను మొండిదాన్ని.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఒక ఎండాకాలం, కడప యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆటిజం ఉన్న పెద్దవాళ్ల గురించి ఆమె పరిశోధన. అమ్మకు ఎదురుగా కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను అమ్మ పక్కనే ఉన్నాను.

"మీ పాపకు శబ్దాలంటే ఇబ్బందా?"

"శానా ఇబ్బందమ్మా. గిన్నె కింద పడితే చాలు, చెవులు మూసుకుంటాది," అంది అమ్మ.

"అమ్మనెందుకు అడుగుతాండావు? నేనీడే ఉండా కదా," అన్నాను.

అమ్మ నా మోచెయ్యి గిల్లింది. ఆ అమ్మాయి మాత్రం కుర్చీ నావైపు జరుపుకుని, "సరే, నువ్వే చెప్పక్కా," అంది.

"గిన్నె పడితే ఓర్చుకోలేను. పేర్లు చెక్కే మిషను దినమంతా గీ పెట్టినా నాకేం కాదు. అది ఎప్పుడు మొదలైతాదో, ఎప్పుడు ఆగుతాదో నా చేతిలో ఉండాది. నీ ప్రశ్నకు అవునన్నా తప్పే, కాదన్నా తప్పే."

ఆమె కలం పక్కన పెట్టింది. "అయితే ఎట్ల అడగాలక్కా?"

అంతకుముందు నన్ను అలా ఎవరూ అడగలేదు. సాయంత్రం దాకా మాట్లాడాను. మళ్లీ వచ్చినప్పుడు ఆమె కబురు తెచ్చింది: ప్రశ్నలు మేమిద్దరం కలిసి తయారుచేయాలి. పరిశోధన చేయించే వాళ్ల సారు మొదట సందేహించి, తర్వాత ఒప్పుకున్నాడట.

లోపలి గదిలో, బిందెల మధ్య చాప వేసుకుని పని చేశాం. "మామూలుగా" అన్న మాట కనబడినచోటల్లా కొట్టేయించాను. మామూలుగా అంటే యాడ? ఇంట్లోనా, పెండ్లిలోనా? ఆమె నవ్వేది. ఎందుకు నవ్విందని అడిగితే విసుక్కోకుండా చెప్పేది. శబ్దం చేసే వస్తువులతో ఆమె కొన్ని బొమ్మల అట్టలు కూడా గీసుకొచ్చింది. "ఇవి చిన్నపిల్లలకు," అని నేను తీసి పక్కన పెట్టాను.

ఇక ప్రశ్నల్లో వంక లేదనుకుని ఇద్దరం బస్సెక్కి ఎర్రగుంట్ల పోయాం. అక్కడ సిమెంటు లారీ నడిపే ఆయన కొడుక్కి నాలాగే ఆటిజం. నా ఈడువాడే, మాట్లాడడు. నేను ప్రశ్నలు ఒకదాని వెంట ఒకటి చదువుతుంటే లేచి గేటు దగ్గరికి వెళ్లిపోయాడు. నా మొహం చిన్నబోయింది.

ఆ అమ్మాయి సంచిలోంచి బొమ్మల అట్టలు తీసి అరుగు మీద పరిచింది. కుక్కరు, ఫ్యాను, లారీ, పెండ్లి బ్యాండు. అతను మెల్లగా వచ్చి చాలాసేపు చూశాడు. లారీని దగ్గరికి లాక్కున్నాడు. ఫ్యానును బోర్లించాడు.

"మేము ఫ్యాను వేసేది, వీడు ఆపేసేది. ఎప్పుడూ కొట్లాటే తల్లీ," అన్నాడు వాళ్ల నాయన. "ఇదా సంగతి!"

అతను ఖాళీ అట్ట మీద గూడ్సు బండి గీశాడు. పెట్టె పక్కన పెట్టె, చోటు చాలక అట్ట వెనక్కి తిప్పి ఇంకొన్ని. అందరి సంగతీ నాకు తెలుసనుకున్నాను కానీ నాకు తెలిసింది నా సంగతే. తిరుగు బస్సులో చెప్పాను, "అతను కూడా మనతో పనిచేయాల."

"నేనూ అదే అనుకుంటాండా," అంది ఆమె.

ఒకరోజు ముగ్గురం గండికోటలో, కింద పెన్న కనబడే రాతి మీద కూర్చుని ఆ అట్టలన్నీ మళ్లీ గీసుకున్నాం. ఆ చోటు ఎంచుకున్నది అతనే. గాలికి ఎగరకుండా వాటి మీద రాళ్లు పెట్టాం. అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం అతను ముట్టలేదు. ఉడకబెట్టిన శెనక్కాయలన్నీ తినేశాడు.

పని ముగిశాక కడపలో సారు వాళ్ల ముందు చెప్పాల్సి వచ్చింది. అతను అట్టలు పట్టుకుని మా పక్కన నిలబడ్డాడు. ఆ అమ్మాయి కాగితాలు మళ్లీ మళ్లీ సర్దుకుంటోంది.

"భయమైతాందా?" అన్నాను.

"శానా. నీకు?"

"లేదు. ఏం చెప్పాలో నాకు తెలుసు."

ఆమె నవ్వింది. ఈసారి ఎందుకు నవ్విందో అడగకుండానే అర్థమైంది, నా మాటకు ఆమె భయం తగ్గింది. ముందు నేనే మొదలుపెట్టాను.