ఇస్సాకు దమ్ము

ఇస్సాకుకు దమ్ము ఉందని మా వాడకట్టులో తెలియనివాళ్ళు లేరు. ఆ ఉబ్బసానికి మందు చెప్పనివాళ్ళు అంతకన్నా లేరు. ఒకరు తులసాకు, మిరియాలు అన్నారు. ఒకరు మేకపాలు అన్నారు. స్టేషన్ దగ్గర కట్టెల అడితి నడిపే రామలింగం సేటు రోజుకొక చిట్కా చెప్పేవాడు. తనకు తలనొప్పి వస్తే మాత్రం రిక్షా కట్టించుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తేవాడు. ఉచిత సలహాకు ఖర్చేముంది?

నా పేరు బాలనర్సింహ. యాకుత్‌పురాలో ఇస్సాకు ఇంటికీ మా ఇంటికీ ఒక్క గోడే అడ్డం. దఫ్తరు కూడా ఇద్దరిదీ ఒకటే, అఫ్జల్‌గంజ్ అవతల నాలుగంతస్తుల సర్కారు కట్టడం. నేను రికార్డు గదిలో అటెండర్ని. అతను రోజుకూలీ మీద చప్రాసీ. పొద్దున్నే చెరో సైకిలెక్కి మూసీ దాటి కలిసే పోయేవాళ్ళం. కాబట్టి అతని గురించి మాట్లాడే హక్కు రామలింగం సేటుకంటే నాకే ఎక్కువ.

చూడటానికి ఇస్సాకు గట్టి మనిషి. బియ్యం బస్తాను అవలీలగా భుజానికెత్తేవాడు. అలాంటివాడికి నలభై రాకముందే సగం జుట్టు నెరిసింది. ఛాతీలో మంట, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మామూలే. అన్నిటినీ మించింది దమ్ము. ఉన్నట్టుండి ఊపిరి అందదు, ఒళ్ళంతా చెమటలు పోస్తాయి, చొక్కా గుండీలు పీక్కుంటాడు. కాసేపటికి ఏమీ జరగనట్టు లేచి కూర్చుని మంచినీళ్ళు అడుగుతాడు.

ఇంకొక వింత ఉంది. ఎముకలు కొరికే చలిలో కూడా ఇంటి తలుపు మూయనిచ్చేవాడు కాదు. ఒకసారి దొంగ దర్జాగా లోపలికొచ్చి ఇత్తడి బిందె ఎత్తుకుపోయాడు. తెల్లారి ఇస్సాకు పెళ్ళాం రాహేలు చేసిన లొల్లికి వాడకట్టంతా లేచింది.

"తలుపు బార్లా తీస్కొని పండుకుంటే దొంగోడు రాక దేవదూత వస్తడా?"

"పోతే పోయింది తియ్యే. బిందెనే గదా," అని ఇస్సాకు నవ్వాడు.

వాళ్ళతోనే ఉండే ఇస్సాకు తండ్రి, ముసలి సీమోను, ఆ గొడవలో ఒక్క మాట కూడా కలపలేదు. ఆయన నూలు మిల్లులో చాకిరీ చేసి మానేసిన మనిషి. మాటకు మహా పొదుపరి. తలుపు ముచ్చట వస్తే చాలు, లేచి అరుగు మీదికి పోయి కూర్చునేవాడు.

మా వాడకట్టుకంతా ఒకటే పాయఖానా, దానికి రేకు తలుపు. ఇస్సాకు లోపలికి పోతే ఆ తలుపు సగం తీసే ఉంచి, ఎవరూ అటు రాకుండా గొంతెత్తి పాడుతూ కూర్చునేవాడు. పాట వినబడితే మా పిల్లలు, "ఇస్సాకు మామ లోపలున్నడు" అని చెంబులు పట్టుకుని వెనక్కి వచ్చేవాళ్ళు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. చర్చిలో గుమ్మం పక్కనే కూర్చుంటాడని పాస్టరుగారు అతనికి భక్తి తక్కువని తేల్చారు. సినిమాకు పిలిస్తే రాడు గనక పిసినారి అని నేను తేల్చాను. ఎవరికి తోచిన పేరు వాళ్ళం పెట్టాం.

మా ఊళ్ళో దమ్ముకు ఆఖరి ఆశ మృగశిర కార్తె. ఆ రోజు దూద్‌బౌలిలో చేపమందు వేస్తారు. నోట్లో మందు పెట్టిన కొర్రమీను పిల్లను బతికుండగానే మింగాలి. చేప ముట్టనివాళ్ళకు బెల్లంలో పెట్టి ఇస్తారు. వరసగా మూడేళ్ళు వేయించుకోవాలని నియమం. రాహేలు పట్టుబట్టి మూడేళ్ళూ పంపింది. తోడు నన్నే పంపింది. అక్కడి జనం సంగతి వేరే చెప్పాలా? ముందువాడి మోచెయ్యి మన పక్కటెముకల్లో, వెనకవాడి ఊపిరి మన మెడ మీద. దమ్ము లేని నాకే ఊపిరాడలేదు. ఇస్సాకు మాత్రం పెళ్ళికొచ్చినట్టు నిలబడ్డాడు. చేపను గుటుక్కున మింగి, "మస్తుగున్నది అన్నా, ఇంకోటి ఇస్తరా?" అని మందు వేసేవాళ్ళనే నవ్వించాడు.

ఆ మందు గుణమిచ్చిందని చెప్పేవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు. ఇస్సాకుకు మాత్రం మూడో ఏడు దాటినా తేడా కనబడలేదు. మందును తప్పుపట్టి లాభం లేదు. ఆకాశం కింద నిలబడితే అతనికి అసలు దమ్మే రాదని మాలో ఒక్కరికీ తట్టలేదు. కాలినొప్పికి కంట్లో చుక్కలు వేస్తూ కూర్చున్నాం.

ఆ ఏడే, అంటే డెబ్బై మూడులో, మా దఫ్తర్లో లిఫ్టు నడిపే ముసలాయన రిటైరయ్యాడు. ఆ చోటు ఇస్సాకుకు ఇచ్చారు. కొన్నాళ్ళు పని చూసి, బాగుంటే పర్మినెంటు చేస్తామన్నారు. రాహేలుకు అప్పుడు నెలలు నిండుతున్నాయి. రేపు పని ఉంటుందో ఉండదో తెలియని కూలీ బతుకు తప్పుతుందని ఆమె సంబరం అంతా ఇంతా కాదు. ఖాకీ బట్టలు తానే ఇస్త్రీ చేసి తొడిగించింది. ఇస్సాకు మొహంలో మాత్రం నెత్తురు చుక్క లేదు. ఆ పెట్టెలో నిలబడాలంటే నాకు భయమని, కడుపుతో ఉన్న పెళ్ళానికి ఏ మగవాడు చెప్పగలడు?

ఆ లిఫ్టుకు జాలీ గేటు ఉండేది. అతని చూపు ఎప్పుడూ ఆ జాలీ సందుల మీదే. అంతస్తుకూ అంతస్తుకూ మధ్య గోడ అడ్డం వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి, వరండా కనబడగానే వదిలేవాడు. సాయంత్రానికి మనిషి పిండిన బట్టలా తయారయ్యేవాడు. అన్నం సయించేది కాదు. అయినా నౌకరీ కోసం ఓర్చుకున్నాడు.

ఒకనాడు మధ్యాహ్నం, లోపల అకౌంట్స్ ఆఫీసరు ఉండగా కరెంటు పోయింది. లిఫ్టు గోడల మధ్య ఆగింది. లోపలి నుంచి గేటును దబదబా బాదుతున్న చప్పుడు మెట్ల మీదున్న నాకు వినిపించింది. కరెంటొచ్చి లిఫ్టు కిందికి దిగేసరికి ఇస్సాకు నేల మీద పడి ఉన్నాడు, చొక్కా మెడ దగ్గర చిరిగి ఉంది. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. చేతిలోని ఫైలుతో అతనికి గాలి విసురుతూ కూర్చున్నాడు. ఇస్సాకు తేరుకున్నాక మాత్రం ఉన్నమాట చెప్పాడు.

"ఇంత దమ్మున్న మనిషిని దీంట్ల పెడితే ప్రాణం మీదికొస్తది. ఫిట్ అని డాక్టరు చెప్తేనే ఈ పోస్టు. లేకుంటే ఇంకో మనిషిని చూస్కుంటం."

మర్నాడే సర్కారు దవాఖానకు పోయాం. ఇస్సాకు, నేను, మా వెనక పిలవకుండానే సీమోను. అక్కడి డాక్టరమ్మ పేరు సావిత్రి. ఇస్సాకు ఛాతీ మీద, వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నది.

"లోపల సాఫ్‌గ ఉన్నది. ఇది దమ్ము కాదు," అంది.

నాకు ఒళ్ళు మండింది. కాకపోతే ఆ మూడు చేపలు ఏ పాపం చేశాయి?

"ఎప్పుడెప్పుడు వస్తది?" అని అడిగింది ఆమె. మేమంతా ఇన్నేళ్ళూ ఏం తిన్నావని అడిగామే తప్ప, ఈ మాట ఎవరం అడగలేదు.

"తలుపు మూస్తే వస్తదమ్మా," అన్నాడు ఇస్సాకు.

"ఎప్పటినుంచి?"

"చిన్నప్పటిసంది."

"చిన్నప్పుడు ఏమన్న అయిందా?"

ఇస్సాకు తల దించుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ సీమోను, "ఏం గాలేదమ్మా" అన్నాడు గబగబా. బయటికి పోబోయి ఆగిపోయాడు. మళ్ళీ లోపలికొచ్చి గోడకు ఆనుకున్నాడు.

"అయింది," అన్నాడు. "కలరా గత్తరొచ్చిన ఏడు. వీడు అయిదేండ్లోడు. వీళ్ళమ్మ రాజమణికి రాత్రంత వాంతులు, బేదులు. పొద్దుగాల కండ్లు మూసి పండుకున్నది. నిద్ర వట్టింది, మంచిగైతదనుకున్న. మిల్లుకు పోకుంటే పని నుంచి తీసేస్తరు. ఇంటి ముంగటనే రైలుపట్టా. రైలు చూస్తానికి వీడు ఉరుకుతడని బయటికెల్లి గొళ్ళెం పెట్టి పోయిన. పొద్దుగూకినంక వచ్చి తీసిన."

ముసలాయన ఇప్పుడూ గొళ్ళెం తీస్తున్నట్టే చెయ్యి పక్కకు లాగాడు.

"ఆమె ఎప్పుడో పోయింది. వీడు పక్కన కూసోని ఉన్నడు. ఏడుస్తలేడు గూడ. పసిపోరడు, ఏం యాదుంటది, నువ్వు తియ్యకు ఆ ముచ్చట అన్నరందరు. నేను గూడ గట్లనే అనుకున్న."

"యాదున్నది బాపూ," అన్నాడు ఇస్సాకు.

సీమోను కొడుకు మొహంలోకి చూశాడు.

"అమ్మ పండుకున్నది, లేపకురా అని చెప్పి పోతివి. నేను లేపలే. దూపయినా లేపలే, ఆకలయినా లేపలే. లేపితే బతుకుతుండెనేమో అని ఇన్నేండ్లు గదే రంధి."

"నన్నెందుకు అడగలేదు బిడ్డా?"

"నీకు దుఃఖమైతదని."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు, కండువాతో తుడుచుకున్నాను. కొడుకు మరిచిపోవాలని తండ్రి నోరు విప్పలేదు. తండ్రి బాధపడకూడదని కొడుకు నోరు విప్పలేదు. ఒక్క కప్పు కింద, ఒక్క కుండలో కూడు తింటూ ఇద్దరూ ఇలా బతికారు. పసిపిల్లలకేం గుర్తుంటుంది అన్న మాటను మొదట అన్నవాడు ఎవడో గానీ, దొరికితే నాలుగు తగిలించాలనిపించింది.

డాక్టరమ్మ మెడలోని గొట్టం తీసి బల్ల మీద పెట్టి, నెమ్మదిగా చెప్పింది.

"అప్పటి భయం నీ ఒంట్ల అట్లనే ఉండిపోయింది. తలుపు పడితే నీ ఒళ్ళు అయిదేండ్ల పిల్లగాడైతది. నిద్ర లేకపోవుడు, గుండెదడ, ఛాతిల మంట, అన్నిటికీ మూలం గదే కావచ్చు. నిద్రకు గోళీలిస్త. ఊపిరి మెల్లగ వదులుడు నేర్పిస్త. భయానికి మాత్రం నా దగ్గర సూది లేదు. లోపట్నే దాచుకోకు, నీవాళ్ళతోని చెప్పుకో."

దమ్ము లేదని రాసి ఇచ్చింది. ఆఫీసరు ఆ మాటకు ఒప్పుకున్నాడు గానీ, "ఇంకొక్కసారి గట్ల పడిపోతే నాతోని గాదు" అని ముందే తేల్చేశాడు.

నౌకరీ నిలిచిందా లేదా అని మిమ్మల్ని ఊరించడం నాకు చేతకాదు. నిలిచింది. ఇది చెప్తున్న ఎనభై మూడులో కూడా ఆ లిఫ్టు నడిపేది ఇస్సాకే. దమ్ము పూర్తిగా పోయిందంటే అబద్ధం. అప్పుడప్పుడు వస్తుంది, వచ్చిందని చెప్తాడు, కూర్చుంటాడు, పోతుంది. బీపీ గోళీలు తప్పలేదు. అయినా రాత్రిళ్ళు నిద్రపోతున్నాడు. ఆ నౌకరీ ఎలా నిలిచిందో చెప్పి ముగిస్తాను.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాడు సీమోను ఉతికిన ధోవతి కట్టుకుని మాతో బయల్దేరాడు. ఎక్కడికి అంటే చెప్పలేదు. దఫ్తరుకొచ్చి నేరుగా లిఫ్టులోకి ఎక్కి, కొడుకు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. పొద్దంతా పైకీ కిందికీ తిరిగాడు. ఎవరీ ముసలాయన అని జనం విసుక్కుంటే, "మా బాపు" అనేవాడు ఇస్సాకు. మర్నాడూ అంతే.

ఆ వారంలోనే మళ్ళీ కరెంటు పోయింది. ఈసారి ఆఫీసరు నా పక్కనే, కింద గేటు దగ్గర లిఫ్టు కోసం నిలబడి ఉన్నాడు. పెట్టె మా తలల పైన ఆగింది. జాలీలోంచి తండ్రీ కొడుకుల పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి. పైనుంచి ఎగపోత మొదలైంది. ఆఫీసరు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. రాహేలు మొహం నా కళ్ళముందు మెదిలింది.

అప్పుడు సీమోను గొంతు వినిపించింది.

"బిడ్డా, నేనీడ్నే ఉన్న. గప్పుడు బయటికెల్లి గొళ్ళెం పెట్టి పోయిన. ఇయ్యాల లోపట్నే ఉన్న, నీ పక్కనే."

ఎగపోత ఆగలేదు. దాని మధ్యనే ఇస్సాకు మాట తెగి తెగి వచ్చింది.

"బాపూ... నేను లేపి ఉంటే..."

"నువ్వు లేపినా లేచేది గాదు బిడ్డా. నేను పోయేటప్పుడే ఆమె చెయ్యి పట్టుకొని చూసిన. సల్లగున్నది. తాపం దిగింది, ఇంక ఫికర్ లేదనుకొని ఖుషీతోని పోయిన. అప్పటికే అయిపోయింది. నాకే తెల్వలేదు, అయిదేండ్లోనివి నీకేం తెలుస్తది?"

ఎగపోత ఆగి ఏడుపు వినిపించింది. మీసాలున్న మగవాడి ఏడుపు కాదది, అమ్మ కోసం పిల్లాడు ఏడ్చే ఏడుపు. గుండెనిండా ఊపిరి తీసుకుంటే తప్ప అలా ఏడవలేరు.

"మళ్ళ దమ్మొచ్చిందా?" అని ఆఫీసరు మెల్లగా అడిగాడు.

"లేదు సార్. వాళ్ళమ్మ పోయింది," అన్నాను.

ఇంతలో కరెంటొచ్చి వరండాలో దీపాలు వెలిగాయి. పైన లిఫ్టు మాత్రం కదల్లేదు. ఆఫీసరు ఇంకొంచెంసేపు అక్కడే నిలబడి, ఫైలు చంకలో పెట్టుకుని, లిఫ్టును కిందికి పిలవకుండానే మెట్లెక్కి పోయాడు.