రాహుకాలంలో ఆఖరి సీను

నా సినిమాలో గుర్రం లేదు. గుర్రం లేని కౌబాయ్ సినిమా ఏమిట్రా అని తెలిసినవాళ్ళంతా నవ్వారు. దొంగల గుర్రాలు దాహంతో చచ్చిపోయాయని మొదటి సీన్లోనే ఒకడి చేత చెప్పించి ఆ పీడ వదిలించుకున్నాను. టోపీలు కిందటేడు హాలోవీన్ అయిపోయాక చవగ్గా దొరికినవి. తుపాకులు ప్లాస్టిక్‌వి, నల్లరంగు మేమే పూసుకున్నాం. దుమ్ము మాత్రం అసలైనదే.

అది 2009 నవంబరు. సెప్టెంబరులో నా ఉద్యోగం పోయింది, దాంతోపాటే వీసా. ఇంక ఆగొద్దు, వెళ్ళిపొమ్మన్నాడు లాయరు. బుధవారం ఫ్లైట్. ఎనిమిదేళ్ళు అమెరికాలో ఏం వెలగబెట్టావని ఎవరైనా అడిగితే చూపించడానికి నా దగ్గర ఈ సినిమా ఒక్కటే ఉంది. దానికింకా ఆఖరి సీను తీయలేదు.

నెవాడాలో ఎప్పుడో వెండి తవ్వుకుని జనం వదిలేసిపోయిన ఊరు ఒకటి దొరికింది. ఒకటే వీధి, ఒరిగిపోయిన చెక్క ఇళ్ళు, వీధి చివర గని నోరు. కాపలా ముసలాయన శని, ఆదివారాలు వాడుకోండి, పొద్దుగూకగానే గేటు వేసేస్తానన్నాడు. కెమెరా పట్టింది ఆఫీసులో నా పక్క సీటు మిత్రుడు. ముసలి దొంగ వేషం వాళ్ళ నాన్నగారిది. ఆర్టీసీ డిపోలో కంట్రోలర్‌గా చేసి రిటైరై, ఆరునెలలు ఉండిపోదామని కొడుకు దగ్గరికి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ వచ్చారు. బక్క మనిషి, తెల్లమీసం, ఎవరినైనా బస్సు లేటుగా తెచ్చిన డ్రైవర్‌లాగే చూసే కళ్ళు. ఆ కళ్ళు చూసే వేషం ఇచ్చాను.

శనివారం పొద్దున దారిలో గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగాం. కొడుకు కాఫీలకి లోపలికి వెళ్ళాడు. ఆయన ఉన్నట్టుండి నాతో వాళ్ళావిడ, అంటే ఆంటీ, పోయిన రోజు సంగతి చెప్పారు. ఎందుకు చెప్పారో నాకిప్పటికీ తెలీదు. పరాయివాడికి చెప్పుకోవడం తేలికేమో.

"శుక్రవారం అబ్బాయ్. పదిన్నరకి గుండెల్లో మంటగా ఉందంది. గ్యాస్ అనుకున్నాను. ఆస్పత్రికి తీసుకెళ్దామంటే రాహుకాలం మొదలైంది. పన్నెండు దాటనీ, బయల్దేరదాం అన్నాను. సరేనంది. పన్నెండింటికి లేపితే లేవలేదు."

ఆయన ఒకసారి కొడుకు వెళ్ళిన తలుపు వైపు చూశారు.

"వాడితో అనకు. ఆటో దొరకలేదని చెప్పాను వాడికి."

అననన్నాను. నిజంగానే అనను అనుకున్నాను.

శనివారమంతా ఆయన అద్భుతంగా చేశారు. ఆదివారం మధ్యాహ్నానికి మిగతా ఇద్దరు దొంగల పనీ అయిపోయి వాళ్ళు కారెక్కి వెళ్ళిపోయారు. మేం ముగ్గురం మిగిలాం. కథలో, గాయపడ్డ స్నేహితుణ్ణి గనిలో వదిలి, తెల్లారేసరికి వస్తానని వెళ్ళిపోయిన ముసలి దొంగ ఇరవై ఏళ్ళకి తిరిగొస్తాడు. గనిలోకి వెళ్ళి చూసి, ఒక్కడే వెనక్కి నడిచొచ్చి, వీధి మధ్య నిలబడి పేజీడు డైలాగు చెప్తాడు. అదీ సీను. సాయంకాలపు ఎండ వీధి పొడవునా పడుతున్నప్పుడు తీయాలి.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. శనివారం సూర్యాస్తమయం చూసుకుని ప్లాన్ రాసుకున్నాను. ఆదివారం నుంచి అమెరికాలో చలికాలపు టైము, గడియారాలు గంట వెనక్కి జరుగుతాయన్న సంగతే మర్చిపోయాను. ఐదుంపావు దాకా ఎండ ఉంటుందనుకున్నవాణ్ణి, మూడున్నరకి తల ఎత్తి చూస్తే నీడలు అప్పుడే వీధి సగానికి వచ్చేశాయి. పరుగున వెళ్ళి అంకుల్ రెడీనా అన్నాను.

ఆయన సెలూన్ అనే పాత సారాకొట్టు మెట్ల మీద కూర్చుని టోపీ తీసి పక్కన పెట్టారు. "ఇప్పుడు కాదు అబ్బాయ్. రాహుకాలం."

"అంకుల్, ఆదివారం నాలుగున్నరకి కదా! ఇంకా గంట టైముంది."

"అది మనూళ్ళో లెక్క. పగలుని ఎనిమిది భాగాలు చేస్తే ఆదివారం ఆఖరి భాగం రాహుకాలం. ఇక్కడ పగలు చిన్నది, సూర్యుడు అప్పుడే దిగుతున్నాడు. మీరు గడియారం జరుపుకుంటే ఆయన జరుగుతాడా?"

అంటే ఈ ఊళ్ళో పొద్దువాలే ఎండంతా రాహుకాలమే. నాకు కావలసిన ఎండ అదొక్కటే.

బతిమాలాను. బుధవారం వెళ్ళిపోతున్నాను అంకుల్, మళ్ళీ ఈ దేశంలో అడుగు పెడతానో లేదో అన్నాను. డిపోలో బస్సులన్నీ రాహుకాలంలో ఆపేసేవారా అని కూడా అడిగాను.

"అవి గవర్నమెంటువి" అన్నారాయన, నవ్వకుండా. "గనిలోకి వెళ్ళే పని. ఇప్పుడు చెయ్యను."

కొడుకు కెమెరా దగ్గర్నుంచి అరిచాడు. "ప్లీజ్ నాన్నా, ఒక్క షాట్!" ఆయన తల అడ్డంగా ఊపారు. నీడ మెట్ల దాకా వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళు, ఉద్యోగం, వీసా, గుర్రం లేని నా బోడి సినిమా, అన్నీ కలిసి ఆ ముసలాయన మొండితనం దగ్గరే ఆగిపోయినట్టు అనిపించింది.

"ఆ రోజు పన్నెండు దాకా ఆగి ఏం సాధించారంకుల్? ఆంటీ బతికారా?"

అనేశాను. గట్టిగానే అన్నాను. గాలి కూడా లేదు, వీధి చివరిదాకా వినపడి ఉంటుంది.

ఆయన నా వైపు చూడలేదు. కొడుకు వైపు చూశారు. తర్వాత టోపీ పెట్టుకుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, గని నోటి వైపు నడిచారు. ఆ మాట కొడుకు చెవిన పడ్డాక ఇంక ఏ కాలమైతే ఏమిటి అనుకున్నారేమో. నేను ఆపాల్సింది. ఆపలేదు. ఎండ ఇంకా మిగిలే ఉంది. నా చెయ్యి దానంతటదే పైకి లేచింది, యాక్షన్ అన్నాను. ఇది తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన గనిలోకి వెళ్ళి కాసేపటికి బయటికి వచ్చారు. నేను చెప్పినట్టే, తొందర లేకుండా, వీధి మధ్యలోంచి నడుచుకుంటూ వచ్చి గుర్తు పెట్టిన చోట నిలబడ్డారు. ముఖం నిండా ఎండ. డైలాగు మొదలుపెట్టలేదు. ప్రాంప్టింగ్ ఇద్దామని నేను కాగితం తీశాను.

అప్పుడు కెమెరా వెనక నుంచి కొడుకు అడిగాడు.

"ఎంతసేపు ఆగావు నాన్నా?"

ఆయన లెన్సులోకి సూటిగా చూశారు.

"గంటన్నర."

కట్ చెప్పాల్సింది నేను. చెప్పలేకపోయాను. వాడు కెమెరా మీద నుంచి చెయ్యి తియ్యలేదు, ఆయన అక్కణ్ణుంచి కదల్లేదు. ఎండ ఆయన ముఖం మీద నుంచి టోపీ మీదికి, టోపీ మీద నుంచి వెనకున్న గోడ మీదికి పోయింది. కాపలా ముసలాయన వచ్చి టైమైపోయింది, గేటు వేసేస్తున్నానని చెప్పేదాకా టేపు తిరుగుతూనే ఉంది.

ఆ టేపు నా దగ్గరే ఉంది. వాళ్ళిద్దరూ ఎప్పుడూ అడగలేదు, నేనూ పంపలేదు. నా సినిమా మొత్తంలో బాగా వచ్చిన సీను అదొక్కటే. అది కలిపితే సినిమా పూర్తవుతుంది. ఇన్నేళ్ళయినా కలపలేదు.