నోట్లో ఉన్నట్టు

తొంభైల్లో నేను ఢిల్లీలో దంతవైద్యంలో పైచదువు చదువుతున్నప్పుడు మా ల్యాబ్‌లో ఒక అసిస్టెంట్ ఉండేవారు. శ్రీకాకుళం నుంచి ఎప్పుడో వచ్చేసిన మనిషి, అందరికీ అంకుల్. పంటిలో నింపే సిమెంటును చిన్న కడ్డీలుగా పోతపోసి, ఒక రోజంతా చిన్న సీసాల్లో, ఒంటి వేడి ఉన్న నీళ్ళలో నానబెట్టి, యంత్రం కింద విరగ్గొట్టి బలం కొలవడం నా పరిశోధన. ఆ సీసాలు వేడి పెట్టెలో పెట్టే ప్రతిసారీ ఆయన "నోట్లో ఉన్నట్టుండాలమ్మా" అనేవారు. వినీ వినీ విసుగొచ్చేది.

ఒక జనవరి ఉదయం మునిర్కాలోని నా గది నుంచి వణుక్కుంటూ వెళ్ళేసరికి ల్యాబ్‌లో కరెంటు లేదు. ముందురోజు సాయంత్రం పెట్టిన సీసాలు చల్లారిపోతున్నాయి. థీసిస్ గడువేమో దగ్గరపడింది. స్టూలు మీద కూలబడి ఏడ్చేశాను. ఆయన వెళ్ళి వేడి పెట్టె తెరిచారు. ఆరు సీసాలూ తీసి స్వెటర్ లోపల కుడి చంకలో పెట్టుకున్నారు. కుడిచెయ్యి కదిపితే జారిపోతాయని మధ్యాహ్నం రొట్టె కూడా ఎడంచేత్తోనే తిన్నారు.

సాయంత్రం కరెంటు వచ్చింది. కడ్డీలు విరగ్గొడితే అంకెలు నేను కోరుకున్నట్టే వచ్చాయి. సంబరంగా రాసుకోబోతుంటే నా చేతిలో పెన్ను లాగేసుకున్నారు.

"రాయకమ్మా. నా సంకలో వేడెంతుందో కొలిసేమేటి? రేపు మళ్ళీ సేద్దాం, ఠీక్ హై?"

"మరి పొద్దుట్నుంచీ ఎందుకు మోశారంకుల్?"

ఆయన నావైపు చూడకుండా ఖాళీ సీసాలు కడుగుతూ అన్నారు:

"నువ్వలా ఏడుస్తుంటే ఏటి సెయ్యమంటావు?"