బొండం చిప్పల్లో నీళ్ళు

నాకు ప్రశ్నలెక్కువ. టెక్కలిలో మా అమ్మ ఈ మాటను తిట్టులా అనేది. పెళ్ళయ్యాక భావనపాడు దగ్గరి అత్తవారి ఊళ్ళో మా అత్త దాన్నే నవ్వుతూ అనేది. రెండు వేల ఆరో సంవత్సరం వానాకాలంలో నేను తొలి చూలుతో ఏడో నెలలో ఉన్నాను. అప్పుడు అత్త కూడా నవ్వకుండానే అంది.

మా ఆయన అప్పటికే గుజరాత్ బోట్ల మీదికి వెళ్ళిపోయాడు. వెళ్తే మళ్ళీ వేసవికే రావడం. ఇంట్లో నేను, అత్త, మావ. మావ సముద్రానికి వెళ్ళడం మానేసి, వాకిట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ వలలు బాగుచేసేవాడు. మాట తక్కువ మనిషి. కొడుకు దగ్గర లేడు కదా అని, నా కోసం ఒక పని తన మీద వేసుకున్నాడు. రోజూ పొద్దున్నే పెరట్లోని పొట్టి కొబ్బరిచెట్టు నుంచి దోటితో ఒక బొండం కోసి, చెక్కి, నా చేతికి ఇచ్చేవాడు. నేను తాగాక దాన్ని రెండు చిప్పలుగా కొట్టి, లేత కొబ్బరి గీకి పెట్టి, ఆ చిప్పల్ని వంటపాక వెనక పడేసేవాడు. ఎండితే పొయ్యిలోకి పనికొస్తాయి. వానలు పట్టుకున్నాయి కాబట్టి అవి ఎండలేదు, పోగు మాత్రం పెరిగింది.

ఆ నెలలోనే ఊళ్ళోకి జ్వరం వచ్చింది. చికున్‌గున్యా అన్న పేరు మాకు తర్వాత తెలిసింది, అప్పుడు కీళ్ళ జ్వరం అనేవాళ్ళం. నిన్నటిదాకా ఒంటిచేత్తో లంగరు లాగిన మగాళ్ళు గోడలు పట్టుకుని నడిచారు. పడవలు ఇసుకలోనే ఉండిపోయాయి. ఏడో నెలలో నన్ను పుట్టింటికి తీసుకెళ్ళాలి, కానీ టెక్కలిలో మా వాళ్ళ వీధిలో ఇంటికి ఇద్దరు చొప్పున పడి ఉన్నారు. తగ్గాక తీసుకెళ్తామని అమ్మ కబురు పంపింది.

నాకు ఒక్కటే తెలుసుకోవాలని ఉండేది. ఈ జ్వరం నాకొస్తే లోపలున్న బిడ్డకు ఏమవుతుంది? అత్తను అడిగాను. "సముద్రం గాలికొచ్చిన జొరం, తలకి గుడ్డ కట్టుకో. నీకు ప్రశ్నలెక్కువ" అంది, నవ్వకుండా. సైకిల్ మీద తిరిగే ఊరి డాక్టర్ని అడిగితే సూది వేస్తానన్నాడు. దేనికి సూది అని అడిగితే జ్వరానికి అన్నాడు. నాకు జ్వరం లేదు కదా అంటే, వస్తే అన్నాడు. ఆయనకు తెలియని సంగతంటూ లోకంలో లేదు, అందుకే ఆయన్ని నమ్మబుద్ధి కాలేదు.

నర్సమ్మ నెలకోసారి బడి వరండాలో కూర్చుని కడుపుతో ఉన్నవాళ్ళకు, చంటిపిల్లలకు సూదులు వేసేది. నాకు ఎనిమిదో నెల చివర్లో ఒక రోజు ఆ వరుసలో మేము ఏడెనిమిది మందిమి పొట్టలు పట్టుకుని కూర్చున్నాం. దోమల వల్లే ఈ జ్వరమట, మీకు తెలుసా అని అందరినీ అడిగాను. నా ముందు కూర్చున్న అమ్మాయికి నెలలు నిండాయి. తను నవ్వేసింది.

"దోమ మనల్ని కుడతాది గానీ కడుపులో గుంటనెలా కుడతాదే? అయినా నాకు దోమతెర ఉంది. రేత్రి కట్టుకునే పడుకుంతాను."

నర్సమ్మ వింది. సూది పక్కన పెట్టి, "ఈ దోమ పగలు కుడతాదమ్మా" అంది. "రాత్రి తెర కట్టి పగలు వాకిట్లో కూర్చుంటే ఏం లాభం. మురుగులో పుట్టేది కూడా కాదు, మంచినీళ్ళు నిలవుంటే అందులో పుడతాది. కాన్పు రోజుల్లో తల్లికి జొరముంటే బిడ్డకీ రావచ్చంటన్నారు. మాకూ ఇప్పుడిప్పుడే చెప్తన్నారు, నాకు ఖాయంగా తెలీదు."

తెలీదు అన్నందుకు నాకు ఆవిడ మీద గురి కుదిరింది. వెంటనే ఇంకోటి అడిగాను. "మరి దోమకి జొరం ఎక్కడ్నించి వత్తాది?"

వరండా అంతా నవ్వింది. నర్సమ్మ మాత్రం నవ్వలేదు. "జొరమున్న మనిషిని కుడితే దానికి వస్తాది. కొన్ని రోజులాగి అది ఇంకొకర్ని కుడితే వాళ్ళకొస్తాది. అందుకే జొరమొచ్చినోళ్ళని మొదటి వారం దోమ కుట్టకుండా చూసుకోవాలి" అంది.

అంటే దోమ జ్వరాన్ని పుట్టించదు, మోస్తుంది. మా ఊరి చేపల్ని టెక్కలికి మోసే ఆటోలాగన్నమాట. దారంతా అదే ఆలోచించుకుంటూ నడిచాను. ఇంటికొచ్చి పొట్ట మోసుకుంటూ మంచినీళ్ళ కోసం వెతికాను. బిందెల మీద మూతలున్నాయి. కుడితి తొట్టిలోవి మంచినీళ్ళు కావు. చివరికి వంటపాక వెనక్కి వెళ్ళాను. నేను రెండు నెలలుగా తాగిన బొండాల చిప్పలన్నీ వెల్లకిలా పడి ఉన్నాయి. ప్రతిదాంట్లో వాన నీళ్ళు, కళ్ళజోడు గాజంత తేటగా. వంగి చూస్తే వెంట్రుక మందం పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

భయపడాల్సింది. నిజం చెప్పాలంటే నాకు ముందు సంబరమేసింది. ఊరగాయ సీసా కడిగి, ఒక చిప్పలో నీళ్ళు అందులోకి వంపి, వల కుడుతున్న మావ ముందు పెట్టాను. ఆయన సీసా ఎత్తి వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు.

"సేపపిల్లలు కావు" అన్నాడు. "తల కిందికేసి, తోక పైకెట్టి ఊపిరి తీత్తన్నాయి. తాబేలు కూడా పైకొచ్చే తీసుకుంతాది గానీ, అది తలతో తీసుకుంతాది."

పాత చీర ముక్క చింపి సీసా మూతికి తనే కట్టాడు, వల ముడి వేసినట్టు గట్టిగా. ఆ తర్వాత మా ఇద్దరికీ అదే పని. పొద్దున లేవగానే సీసా చూడటం, మధ్యాహ్నం అన్నం తిని సీసా చూడటం. పాక వెనక మిగతా చిప్పల సంగతే మర్చిపోయాం. పురుగులు ముడుచుకుని గుండ్రంగా అయ్యాయి, తినడం మానేశాయి. చచ్చిపోయాయని నేనన్నాను. కాదని మావ తలూపాడు. నాలుగో రోజు నీళ్ళ మీద వాటి తొడుగులు తేలాయి, గుడ్డ కింద దోమలు ఎగిరాయి. నల్లగా, కాళ్ళకు తెల్ల కడియాలు తొడిగినట్టు ఉన్నాయి. అత్త వచ్చి చూసి, మావా కోడలూ కలిసి దోమల్ని మేపుతున్నారని వీధంతా చెప్పుకుంది.

మావ మాత్రం సీసా కింద పెట్టి, "నీ కోసరం బొండాలు తెచ్చి, ఈటిని నానే పెంచినానన్నమాట" అన్నాడు. ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆ పూటే చిప్పలన్నీ కుమ్మరించి బోర్లించాడు. మర్నాటి నుంచి సీసా చంకన పెట్టుకుని ఇంటింటి పెరట్లోకీ వెళ్ళాడు. ఎవరితోనూ పది మాటలు మాట్లాడని మనిషి, సీసా చూపించి, చిప్పలు బోర్లించి, తర్వాతి ఇంటికి వెళ్ళేవాడు. ఆ తిరుగుడులోనే ఆయన్ని ఎక్కడో దోమ కుట్టి ఉంటుంది. నాకు తొమ్మిదో నెల పడిన వారానికి ఒక పొద్దున మావ మంచం మీంచి లేవలేకపోయాడు. ఒళ్ళు కాలిపోతోంది. మణికట్లు ఉబ్బిపోయాయి. ఆ రోజు బొండం లేదు.

అదే వారం, వరండాలో నవ్విన ఆ అమ్మాయికి జ్వరంతోనే కాన్పయింది. నాలుగో రోజున బిడ్డకూ జ్వరమని శ్రీకాకుళం తీసుకెళ్ళారు. ఆ బిడ్డ నెల తర్వాత కోలుకుని ఇంటికొచ్చింది. కానీ అప్పటికి ఆ సంగతి మాకు తెలియదు కదా. ఇంట్లో జ్వరమున్న మనిషి ఉన్నాడు, పెరట్లో దోమలున్నాయి, మధ్యలో నేనున్నాను.

ఇంట్లో దోమతెర ఒక్కటే. మా తమ్ముడు పలాసలో కొని తెచ్చింది. ఇంకోటి పంపమంటే దుకాణాల్లో అయిపోయాయన్నాడు. అత్త నా మంచానికి పగలు కూడా తెర కట్టి, లోపలే ఉండమంది. పడుకుని ఆలోచించాను. నేను రోజంతా తెరలో ఉండలేను. స్నానానికి లేవాలి, దొడ్డికి లేవాలి. మావ కదల్లేడు. లేచి తాళ్ళు విప్పాను.

"నిండు సూలాలు బయటుండి ముసిలోడు తెరలో పడుకుంతాడేటే? ఊరు నవ్వదా?" అంది అత్త. మావ కూడా కళ్ళు మూసుకునే, "నాకొద్దమ్మీ, నువ్వు కట్టుకో" అన్నాడు.

"మావా, సీసా గురుతుందా?" అన్నాను. "గుడ్డ కట్టినావు గాబట్టే దోమలు బయటికి రాలేదు. ఇప్పుడు జొరం నీ దగ్గరుంది. గుడ్డ నీకు కట్టాల. నన్ను సూసి కాదు, లోపలున్నదాన్ని సూసి కట్టించుకో."

కళ్ళు తెరిచి నా పొట్ట వైపు చూశాడు. నవ్వబోయి, నొప్పికి మూలిగాడు. "కట్టీ" అన్నాడు.

ఆ ఉక్కలో ఆయన ఏడు పగళ్ళు ఆ తెరలోంచి బయటికి రాలేదు. గంజి ఇచ్చేటప్పుడు అత్త తెర కాస్త ఎక్కువ ఎత్తితే కసిరేవాడు. నేను వేపాకు పొగలో దగ్గుతూ, పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, పొద్దునా సాయంత్రం నా నుదురు నేనే పట్టి చూసుకున్నాను. నాకు జ్వరం రాలేదు. తెర వల్లో, బోర్లించిన చిప్పల వల్లో, అదృష్టం వల్లో ఇప్పటికీ తెలియదు. తర్వాత చాలామందిని అడిగాను, ఎవరూ తేల్చి చెప్పలేదు.

టెక్కలి ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. వారం రోజులు దాని ఒంటి మీంచి నా చెయ్యి తియ్యలేదు. ఇరవయ్యో రోజున అత్తా మావా మా అమ్మ ఇంటికి వచ్చారు. అత్త బిడ్డను ఎత్తుకుని ముద్దులాడింది. మావ గుమ్మం అవతలే నిలబడిపోయాడు. రమ్మంటే, కాలు ఎత్తడానికి ద్వారబంధం పట్టుకున్నాడు.

"ముందు అడిగొచ్చినాను" అన్నాడు. "నర్సమ్మ ఇంటికెల్లి అడిగినాను. నన్ను కుట్టిన దోమ ఇప్పుడు గుంటని కుడితే ఏటవుతాదని. జొరం తగ్గి నెల దాటింది, ఇంక భయం లేదు, ఎల్లమంది."

ఒకరి గడప ఎక్కి ప్రశ్న అడగడం ఆ మనిషి జన్మలో అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆయన వేళ్ళు ఇంకా ముడుచుకోవడం లేదు. కింద కూర్చుని, మోచేతుల దాకా రెండు చేతులూ చాచాడు. అత్త బిడ్డను వాటి మీద పడుకోబెట్టింది. మావ కదలకుండా దాన్ని చూస్తూ, "దీనికీ నీలాగే ప్రశ్నలెక్కువుంతాయేటమ్మీ" అన్నాడు.

"ఉండనీ మావా" అన్నాను.