ఎర్ర హెల్మెట్ పక్కన

మా బావ వీటెక్‌కి కుడివైపు తిరగడం రాదని, పెళ్ళయిన కొత్తలో మా అక్క హలీనా అందరికీ చెప్పి నవ్వేది. అందులో అబద్ధమేమీ లేదు. స్పీడ్‌వే పందెం బైకు తోలేవాడి బతుకంతా ఎడమవైపే తిరుగుతుంది. బ్రేకులుండవు, గేరు ఒక్కటే. మట్టి ట్రాక్ మీద నలుగురు నాలుగు చుట్లు తిరిగేసరికి నిమిషం గడుస్తుంది. ఆ నిమిషం కోసం మా పోలండ్‌లో జనం ఆదివారం చర్చికి తొడుక్కున్న బట్టలతోనే స్టేడియానికి పోతారు. నేను అతని బైకులు చూసే మెకానిక్‌ని. పైగా బావమరిదిని, కాబట్టి బైకు మొరాయించినా మా అక్క మొరాయించినా తిట్లు నాకే.

వీటెక్ పుట్టి పెరిగింది మా ఊరి స్టేడియం వెనక వీధిలోనే. విరగని ఎముక చూపించమంటే కాసేపు వెతుక్కుంటాడు. ఛాంపియన్ ఎప్పుడూ కాలేదు. అతని విలువ వేరే. సొంత ఊరి జట్టు ఎరుపు, నీలం హెల్మెట్లు పెట్టుకుంటుంది. వచ్చినవాళ్ళవి తెలుపు, పసుపు. ఎర్ర హెల్మెట్‌తో అతని జోడీ సెవెరిన్ లోపలి వైపు పోతుంటే, నీలం హెల్మెట్‌తో వీటెక్ బయటి వైపుకి జరిగి, వెనకవాళ్ళకి సందు లేకుండా మూసేసేవాడు. కంటి కొసన ఎరుపు కనబడితే చాలు, పక్కకి చూడాల్సిన పని కూడా లేదు. ఏళ్ళ తరబడి మా ఊరు గెలిచింది అలాగే. పేరు మాత్రం సెవెరిన్‌కి వచ్చింది.

ఒకసారి పడి భుజం విరిగాక, క్లబ్బు అధ్యక్షుడు ల్యుడ్విక్ గారు ఇంటికొచ్చి, ఇక విశ్రాంతి తీసుకోమని తియ్యగా చెప్పి వెళ్ళిపోయారు. నది అవతలి ఊరివాళ్ళు అతన్ని తమ జట్టులోకి తీసుకున్నారు. మా ఊరికీ ఆ ఊరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. మా వీధి రొట్టెల కొట్టామె ఆ రోజు నుంచీ వీటెక్‌కి నిన్నటి రొట్టె ఇవ్వడం మొదలుపెట్టింది. అతను అదే తీసుకుని వచ్చేవాడు. బైకు ఎక్కడం తప్ప ఇంకో బతుకు తెలియదు మరి.

ఆ సీజన్లో ఆఖరి పోటీ మా స్టేడియంలోనే పడింది. ఓడిన ఊరు కింది లీగుకి పోతుంది. అవతలి ఊరు గెలిస్తేనే వీటెక్‌కి ఇంకో ఏడాది బతుకు. చివరి పరుగు వరకూ రెండు జట్లూ సమానం. వీటెక్‌ది తెల్ల హెల్మెట్, అతని కొత్త జోడీ డామియన్‌ది పసుపు. మావాళ్ళలో సెవెరిన్‌ది ఎప్పటిలాగే ఎరుపు.

చివరి చుట్టులో వీటెక్ అందరికన్నా ముందున్నాడు. లోపలి వైపు నుంచి సెవెరిన్ దూసుకొచ్చాడు, బయటి వైపు నుంచి డామియన్. వీటెక్ చెయ్యాల్సిందల్లా లోపలి దారి మూయడం. అతను బయటికి జరిగాడు. డామియన్ కంచెకి గుద్దుకోకుండా వేగం చంపుకుని అందరికన్నా వెనకబడిపోయాడు. తెరిచిన దారిలోంచి సెవెరిన్ వెళ్ళి గెలిచాడు. మా ఊరు నిలబడింది.

స్టేడియమంతా పాత రోజుల్లోలా వీటెక్ పేరు అందుకుంది. అతను నా దగ్గరికొచ్చి బైకు ఆపి, హెల్మెట్ తీసి తిప్పి తిప్పి చూశాడు.

"రోమెక్, ఇది తెల్లది కదూ?"

తెల్లదే బావా అన్నాను.

డామియన్ బైకు అక్కడే వదిలేసి వచ్చాడు. "ఎంతకి అమ్ముడుపోయావన్నా?"

"ఎవరూ కొనలేదురా. పక్కన ఎరుపు కనబడింది, అంతే."

"అమ్ముడుపోయానను, నమ్ముతాను. ఇది మాత్రం నమ్మను."

అంతలో ల్యుడ్విక్ గారు చేతులు చాపుకుంటూ వచ్చి వీటెక్‌ని కావలించుకున్నారు. ఎంతైనా మన రక్తం మన రక్తమేనన్నారు. వచ్చే ఏడు మళ్ళీ నీలం హెల్మెట్ నీదేనన్నారు. ఒప్పుకోమని నేను వెనకనుంచి పొడిచాను.

"మీ కోసం చెయ్యలేదయ్యా. పొరపాటున చేశాను," అన్నాడు వీటెక్.

బయట అలాగే చెప్పుకోమని ఆయన కన్ను గీటారు.

"ఎటు జరుగుతున్నానో నాకే తెలియలేదు. బ్రేకుల్లేని బండి మీద నన్ను నలుగురి మధ్యకి ఎలా పంపుతారు?"

వచ్చిన అవకాశం కాలదన్నాడని నాకు ఒళ్ళు మండింది. ఇంటికి పోయేదాకా వ్యానులో తిడుతూనే ఉన్నాను. అది చేతి అలవాటా, మనసులో ఉన్నదే చేతిలోంచి వచ్చిందా? అడిగితే, అదే నేనూ ఆలోచిస్తున్నానన్నాడు. నాకు ఇప్పటికీ తెలియదు.

అక్క పోటీలకి రాదు, రేడియో పెట్టదు, భయం. మధ్యాహ్నపు కోడి చారు వేడిచేసి ఇద్దరికీ వడ్డించింది. బల్ల మీద ఇంకా వేడి తగ్గని రొట్టె ఉంది. కొట్టామె ఇప్పుడే వచ్చి, ఏడుస్తూ ఇచ్చి వెళ్ళిందట.

"ఆవిడకేమైంది? అసలెవరు గెలిచారు?" అంది అక్క.

"మనమే," అన్నాడు వీటెక్.

"మనమంటే ఎవరు?"

చెంచా గిన్నెలోనే వదిలేసి అతను నావైపు చూశాడు. నేను చారు తాగుతూ తల వంచుకున్నాను. ఆ రొట్టె మాత్రం అతను ముట్టుకోలేదు.