దేవరకొండ బావిలో పగలని గిన్నె

ఈ ప్రయాణం ఒక చీర ఫొటోతో మొదలైంది. దేవరకొండలో పంతులమ్మగా పనిచేసే నా స్నేహితురాలు పద్మ, తన కొత్త నారాయణపేట చీర చూడమని పాతూళ్లో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని ఫొటో దిగి పంపింది. పాపం, నేను చీర చూడనే లేదు. అరుగు అంచున మట్టిలో ఒత్తిన ఆకుపచ్చ పెంకులే చూశాను. పాచి రంగులో నిగనిగలాడే ఆ పూత మన కుమ్మరి ఆవంలో వచ్చేది కాదు. అలాంటి గిన్నెల్ని మ్యూజియంలో గాజుపెట్టె ఇవతల నిలబడి చూశాను. వందల ఏళ్ల కిందట చీనా నుంచి ఓడల్లో వచ్చినవి. నేను పండితురాలిని కాను, పాత కుండల పిచ్చి ఉన్న మనిషిని, అంతే. చీర ఎలా ఉందని పద్మ రెండుసార్లు అడిగింది. ఆ ఇల్లు ఎవరిదని నేను అడిగాను. అలాంటి పెంకులు పాతూరి బావుల పూడికలో దొరుకుతాయని చెప్పింది.

ఎండాకాలంలో ఒక ఆదివారం, పొద్దున ఆరింటికి హైదరాబాద్ మహాత్మాగాంధీ బస్టాండులో దేవరకొండ బస్సెక్కాను. ఇబ్రహీంపట్నం, మాల్, మల్లేపల్లి మీదుగా మూడు గంటల దారి, టికెట్టు రెండు వందల లోపే. పొద్దుటి బస్సయితే కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. దిగగానే వేడివేడిగా ఇడ్లీ తిని, సైదులు అనే డ్రైవరు ఆటో మధ్యాహ్నం దాకా మూడు వందలకు మాట్లాడుకున్నాను. గుట్ట మీది ఖిల్లా ఎక్కను, పాతూళ్లో బావులు చూపించు అంటే అతను వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "దేవరకొండకు వచ్చినోళ్లు గుట్టెక్కుతరు. మీరేందక్కా, బాయిలల్ల దిగుతరా?" అన్నాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం అని చెప్పాను. నవ్వి ఆటో తీశాడు.

ఫొటోలోని ఇల్లు మల్లవ్వది. మేకలు కాసుకునే కుటుంబం. బోరు ఎండిపోవడంతో ఇంటి వెనక ఉన్న పాత బావి పూడిక తీయిస్తోంది. కొడుకు యాదయ్య, ఇంకో ఇద్దరు మనుషులు బావిలో దిగి ఉన్నారు. గంపలో నల్లటి బురద గిలక మీద పైకి వస్తోంది. మల్లవ్వ నన్ను నీడలో కూర్చోబెట్టి, జొన్న గట్కలో మజ్జిగ పోసి ఇచ్చింది. పెంకులు చూడడానికి వచ్చానంటే నమ్మలేదు. పెళ్లి సంబంధమేదో కనుక్కోవడానికి వచ్చాననుకుంది. నేను గట్క తినడం మానేసి అరుగు అంచు నిమురుతుంటే, అప్పుడు నమ్మి, జాలిగా చూసింది.

పదకొండు దాటాక బావిలోంచి యాదయ్య కేకేశాడు. గంప పైకొచ్చింది. బురద మధ్యలో ఒక గిన్నె ఉంది. పెంకు కాదు, గిన్నె. మల్లవ్వ చెంబుతో నీళ్లు పోసి కడిగింది. రెండు దోసిళ్లు పట్టేంత లోతు, అదే పాచి రంగు, లోపల తామర రేకుల చెక్కడం. ఎక్కడా చిన్న బీట కూడా లేదు. ఫోన్ తీయాలని కూడా తోచలేదు. మల్లవ్వ దానికి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. ఎంత భక్తి అని నేను మురిసిపోతున్నాను. అంతలో ఆమె గిన్నెను బండ మీద బోర్లించి, పక్కనున్న గడ్డపార ఎత్తి ఒక్క పోటు పొడిచింది.

ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తోంది. తేరుకున్నాక ఎంత మాట పడితే అంత మాట అన్నాను. అది సముద్రాలు దాటి వచ్చిందనీ, అలాంటిది మళ్లీ దొరకదనీ అరిచాను. మల్లవ్వ కోపం తెచ్చుకోలేదు. ముక్కలు ఏరుతూ నెమ్మదిగా చెప్పింది.

"పగలని గిన్నెకు మనిషి ఉంటడు బిడ్డా. ఎప్పటికైనా నీళ్లకు వస్తడు. పగిలినదానికి ఎవలు రారు."

మరి అరుగు మీద పెంకులో అని అడిగాను. అవీ బావిలోంచి పగలకుండా వచ్చిన గిన్నెలేనట. కొన్ని వాళ్లత్త పగలగొట్టింది, కొన్ని ఆమె అత్త. కాలం పగలగొట్టిందనుకుని పొద్దుటి నుంచి ముద్దుగా నిమిరిన ప్రతి పెంకూ ఒకరు పసుపు రాసి పగలగొట్టిందే.

నా మొహం చూసి మల్లవ్వ లోపలికి చెయ్యి చూపింది. గడపలో నిండు చూలాలైన కోడలు నిలబడి ఉంది. "రేపటి సంది గా పిల్ల గీ నీళ్లే తాగాలె. నీ గిన్నె కోసం దాని మీద ఫికర్ పెట్టుకోవాల్నా?" అంది. ఎంత పగిలితే పగిలినట్టు అని అడిగాను.

"అంచు జర చెక్కినా సాలు."

మరి ముక్కలు ముక్కలు ఎందుకు చేశావవ్వా అన్నాను. అంచు చెక్కిన గిన్నెలో నీళ్లు పెడితే మేకల మూతులు తెగుతాయట. ముక్కలైతే అరుగుకైనా పనికొస్తాయట. తర్వాత నా వైపు చూసి, "ముందుగాల అడిగితే గట్లనే చేస్తుంటి గద బిడ్డా," అంది. నిజంగానే బాధపడింది.

తిరుగుదారిలో సంగతి చెబితే సైదులు ఆశ్చర్యపోలేదు. వాళ్లింట్లోనూ అంతేనన్నాడు. ఆ గిన్నె ఓడలో తుఫానులు తప్పించుకుని, మోటుపల్లి రేవులోనో మరో రేవులోనో దిగి, బండ్ల మీద ఈ రాళ్ల నేలకెక్కి, చివరికి బావిలో పడి కూడా పగలలేదు. చెక్కు చెదరకపోవడమే దాని ప్రాణం మీదికి తెచ్చింది. మల్లవ్వను తప్పు పట్టలేను. ఆ గిన్నె వాడిన మనిషి, ఎన్నడో చచ్చిపోయినా, ఇంకా ఉన్నాడని, వాడికి దాహం వేస్తుందని ఆమె నమ్ముతుంది. గాజుపెట్టె ముందు నిలబడ్డ ఇన్నేళ్లలో నాకు ఆ మనిషి ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

మీరూ వెళ్లేటట్టయితే పూడికలు తీసే ఏప్రిల్, మే నెలల్లో వెళ్లండి. మొదటి గంప పైకి రాకముందే ఇంటి పెద్దావిడను అంచు చెక్కితే సరిపోతుందా అని అడగండి. ఒప్పుకుంటారు.